ఫారిన్ అడ్రస్

ఎల్లయ్యను చంపినవాళ్లు అతని జేబులో ఫోన్‌ను ముట్టుకోలేదు.

ముత్తంగి దగ్గర సర్వీస్ రోడ్డు పక్కన అతని మోపెడ్ నుజ్జునుజ్జయి పడి ఉంది. ముందు బుట్టలో ఇంటర్నెట్ కేబుల్ చుట్ట అలాగే ఉంది. చూసినవాళ్లంతా లారీ గుద్దేసిందనుకున్నారు. ఆ రోడ్డు మీద అది పెద్ద వార్త కూడా కాదు. కానీ ఎల్లయ్య నిజమైన లైన్‌మన్ కాదు, లైన్‌మన్ వేషంలో తిరుగుతున్న గూఢచారి. చనిపోయే ముందు ఆఫీసులో చీఫ్‌కు ఫోన్ చేశాడు. ఆఫీసు మెషీన్ ఆ మాటలు రికార్డ్ చేసింది.

"సార్, పోర్టు తెరిసే ఉన్నది. మనోళ్లకు జల్దీ చెప్పుండ్రి..."

తర్వాత లారీ హారన్. ఆ తర్వాత ఏమీ లేదు.

పటాన్‌చెరులో ఒక పరుపుల షోరూమ్ మీద, 'జాబ్ కన్సల్టెన్సీ' అని బోర్డు వేలాడే గదుల్లో ఉంటుంది ఆ ఆఫీసు. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు నిజంగానే ఫారాలు ఇస్తారు. లోపలి గది సంగతి మాత్రం బయటివాళ్లకు తెలియదు. ఏజెంట్ సృజన డ్యూటీ మీద బీదర్ వెళ్లి తిరిగొచ్చేసరికి చీఫ్ మురళీమోహన్ తన మనుషులను విశాఖకు, కాకినాడకు, కృష్ణపట్నానికి పంపేసి ఉన్నాడు. హార్బర్లన్నీ గాలిస్తున్నారు.

సృజన రికార్డింగ్ విన్నది. ఇంకోసారి పెట్టమని అడిగి మళ్లీ విన్నది.

"సముద్రం పోర్టు కాదు సార్," అంది. "ఎల్లయ్యన్న ఈ మధ్యల పటాన్‌చెరు దాటి పోలే. ఆయన చేసేది నెట్ లైన్ల పని. ఆయన చెప్పింది కంప్యూటర్ పోర్టు."

మురళీమోహన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన మొహంలోకి ఆశ్చర్యం రావడం ఒక్క క్షణం ఆలస్యమైంది. సృజన ఆ ఆలస్యాన్ని చూసింది, చూసి వదిలేసింది. తనకు పిస్టల్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన.

"అయితే నువ్వే వెళ్లాలి," అన్నాడాయన. "కర్దనూర్. విల్లాలు. ప్రవీణ్‌కుమార్ అనే ఇంజినీర్. వజ్రధార బైండర్స్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చూస్తాడు."

వజ్రధార పేరు సృజనకు కొత్త కాదు. రాకెట్ ఇంధనాన్ని ముద్దగా పట్టి ఉంచే జిగురు అక్కడ తయారవుతుంది. ఆమె అన్న బాలరాజ్ ఆ ప్లాంట్‌లోనే రియాక్టర్ దగ్గర పనిచేస్తాడు. ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటాడు. చెల్లెలు కన్సల్టెన్సీలో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తోందని నమ్ముతాడు.

"ప్రవీణ్‌కుమార్ ఇంటి కంప్యూటర్ నుంచి ప్లాంట్ కంట్రోల్ రూమ్‌కు లైన్ ఉంది. ట్రబుల్ వస్తే ఇంట్లో కూర్చునే సరిచేస్తాడు. ఆ దారిన డ్రాయింగులు బయటికి పోతున్నాయని అనుమానం. ఎల్లయ్యను పెట్టింది ఆ ఇంటి మీదే."

"ఎవరు సార్? బ్లూ కైటా?"

"ఇంకెవరు?"

బ్లూ కైట్ విదేశీ ముఠా. దేశదేశాల రహస్యాలు కొని అమ్మే వ్యాపారం. ఆ ముఠాలో డిపార్ట్‌మెంట్ మనిషి ఒకామె ఉంది. పేరు కృష్ణప్రియ. అదే విల్లాల్లో ఇంటీరియర్ డిజైనర్ వేషంలో ఉంటూ, ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తూ, కబుర్లు ఇక్కడికి చేరవేస్తుంది. సృజన ఆమెను ఎప్పుడూ చూడలేదు. మురళీమోహన్ కోడ్‌వర్డ్ చెప్పి, ఒక మాట కలిపాడు.

"ఎల్లయ్య సంగతి పొక్కింది మనలోంచే. కృష్ణప్రియను కూడా నమ్మకు."

*

మధ్యాహ్నం ఎండలో సృజన స్కూటీ కర్దనూర్ విల్లాల గేటు దాటింది. నెట్ కంపెనీ టీషర్టు, మెడలో ఐడీ కార్డు, భుజాన టూల్ బ్యాగు. బ్యాగులో కేబుల్ టెస్టర్‌లా కనిపించే చిన్న యంత్రం ఉంది. అది కేబుల్స్ పరీక్షించదు. బయట నిలబడే, ఒక ఇంటి నెట్‌లో ఏ దారి తెరిచి ఉందో చెబుతుంది. ప్రవీణ్‌కుమార్ ఇంటి ముందు ఆగగానే, దారి తెరిచే ఉందంటూ దాని మీద ఎర్రలైటు వెలిగింది.

తలుపు తీసింది ప్రవీణ్‌కుమార్ తల్లి హైమావతి. భర్త ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఐడీ కార్డును దగ్గరికి లాక్కుని మరీ చదివింది.

"నెట్ బానే వస్తోందిగా అమ్మా. పొద్దున్నే మా చెల్లితో వీడియోలో మాట్లాడాను. నిన్నెవరు రమ్మన్నారు?"

"లైన్ చెకింగ్ అమ్మా. అన్ని ఇండ్లల్ల చేస్తున్నం."

"ఎల్లయ్యేడీ? వచ్చినప్పుడల్లా మజ్జిగ తాగి వెళ్లేవాడు."

సృజన బ్యాగు పట్టీ సర్దుకుంది. "ఊరికి పోయిండమ్మా."

హైమావతి ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు. అయినా లోపలికి రానిచ్చింది. కొడుకు నైట్ షిఫ్టు చేసి పైన పడుకున్నాడని, చప్పుడు చేయొద్దని చెప్పింది. కంప్యూటర్ కింది గదిలో ఉంది. సృజన కూర్చుంటే ఆమె వెనకే నిలబడింది.

సృజన నల్లటి విండో తెరిచి ఒక కమాండ్ కొట్టింది. తెర నిండా వరసలు పడ్డాయి.

"ఏమిటమ్మా ఆ అంకెలన్నీ?"

"పోర్టులమ్మా. ఇంటికి తలుపులున్నట్టు కంప్యూటర్‌కు పోర్టులుంటయి. వేలల్ల ఉంటయి. మీ వీడియో కాల్ ఒక తలుపుల పోతది, కరెంటు బిల్లు కట్టేది ఇంకో తలుపుల. పని అయినంక మూసుకుంటయి. 'లిజనింగ్' అని ఉన్నదంటే ఆ తలుపు వెనక ఎవరో కూసోని, బయటినుంచి ఎవరు పిలుస్తరా అని సూస్తున్నట్టు."

చాలా వరసలు మామూలువే. కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునేవి. ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. పోర్టు 50117. లిజనింగ్. దాని వెనక ఏ ప్రోగ్రాం ఉందో వెతికితే పేరు దొరికింది, ప్రింటర్ సర్వీస్.

"ప్రింటర్ ఎక్కడుందమ్మా?"

"మా ఇంట్లో ప్రింటరెక్కడిది? ఆధార్ జిరాక్స్ కావాలన్నా ఇస్నాపూర్ వెళ్లాల్సిందే."

సృజన రౌటర్ సెట్టింగులు తెరిచింది. బయటినుంచి 50117కు ఏది వచ్చినా నేరుగా ఈ కంప్యూటర్‌కు పంపమని అందులో ఎవరో రాసిపెట్టారు. దొంగ తనంతట తాను చేసుకోగల పని కాదు. ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని ఎవరో చేసిన పని.

"ఆంటీ!" అంటూ హాల్లోంచి పిలుపు.

వచ్చినావిడను చూస్తే సినిమా పోస్టర్ గుర్తొస్తుంది. పాలపిట్ట రంగు చీర, జుట్టు మీదికి ఎత్తిపెట్టిన నల్లకళ్లద్దాలు, ఆమెకన్నా ముందు గదిలోకి నడిచొచ్చిన సెంటు వాసన. సృజనను చూసి ఆగింది.

"నెట్ అమ్మాయా? బొంతపల్లి రోడ్డు వేశారా ఏంటి? పొద్దున ఒకటే ట్రాఫిక్."

కోడ్. సృజన తల తిప్పకుండా జవాబిచ్చింది. "కంకర పోసిండ్రు మేడం. తారు పోయలే."

"ఆంటీ, మీ చేతి టీ తాగి ఎన్నాళ్లయిందో," అంది కృష్ణప్రియ. హైమావతి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్లింది.

కృష్ణప్రియ గొంతు మారిపోయింది. "ఆ పోర్టు నేనే తెరిచాను. కర్టెన్ల కొలతలని వచ్చి, ముఠా చెప్పినట్టు చేశాను. సార్‌కు తెలుసు. అది ఎర. వాళ్లు డ్రాయింగుల కోసం లోపలికొస్తారు, మనం పట్టుకుంటాం. ముట్టుకోకు."

"సార్ నాకు చెప్పలే."

"ఫోన్ చేసి అడుగు."

సృజన చేసింది. "కృష్ణప్రియ చెప్పింది నిజమే," అన్నాడు మురళీమోహన్. "పోర్టు మూయకు. సాయంత్రం దాకా ఆ కంప్యూటర్ ముందు నుంచి లేవకు."

ఫోన్ పెట్టేశాక సృజన అలాగే కూర్చుంది. పొద్దున నమ్మవద్దన్న మనిషిని ఇప్పుడు నమ్మమంటున్నాడు. ఎర సంగతి తెలిసినవాడు హార్బర్లకు మనుషులను ఎందుకు పంపాడు? పోర్టంటే ఏదో తెలియకనా? తెలిసేనా?

ఆమె ఆ కమాండ్ మళ్లీ కొట్టింది. ఈసారి 50117 పక్కన లిజనింగ్ లేదు. 'ఎస్టాబ్లిష్డ్' అని ఉంది. ఎవరో లోపలికి వచ్చేశారు.

*

సృజన రాకపోకల లెక్క తెరిచి చూసింది. డ్రాయింగులు ఎత్తుకుపోతుంటే బోలెడంత డేటా బయటికి పోవాలి. పోవట్లేదు. బయటినుంచే చిన్న చిన్న ఆదేశాలు వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టే ఇంకో లైన్ మీదుగా ప్లాంట్‌కు పోతున్నాయి.

ఎత్తుకుపోవడానికి రాలేదు వీళ్లు. ప్లాంట్‌ను తిప్పడానికి వచ్చారు.

సృజన అన్నకు ఫోన్ చేసింది.

"ఏందే, డ్యూటీల ఉన్న. సూపర్‌వైజర్ సూస్తే..."

"అన్నా, రియాక్టర్ టెంపరేచర్ ఎంతుందో సూడు."

"పానెల్ మీద నార్మలే ఉన్నది."

"పానెల్ కాదన్నా. రియాక్టర్‌కు ఉన్న మీటర్ సూడు. జల్దీ."

ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. బాలరాజ్ మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో విసుగు లేదు. "ముల్లు ఎర్రగీత దిక్కు పోతున్నదే. కూలింగ్ నీళ్ల వాల్వు మూసుకున్నది. పానెల్ల సూస్తే తెరిసే ఉన్నట్టున్నది. ఏందిది, నీకెట్ల తెలిసింది?"

"అందర్ని బయటికి పంపు. నువ్వు గూడ పో. ఫోన్ పెట్టకు," అని సృజన స్పీకర్ నొక్కి ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

రియాక్టర్ పేలితే రాకెట్ జిగురు ఏడాదిపాటు ఆగిపోతుంది. ఆ పొగ ఇస్నాపూర్ కిరాయి గదుల మీద, అందులో పడుకున్న నైట్ షిఫ్టు వాళ్ల మీద పడుతుంది. రియాక్టర్ పేలుళ్లు ఈ ఫ్యాక్టరీల బెల్టులో జరిగేవే. రెండు రోజులు టీవీలో చూపిస్తారు, యాక్సిడెంట్ అని రాసి మూసేస్తారు. ఎవరికీ అనుమానం రాదు.

"చేతులు కీబోర్డు మీంచి తియ్."

కృష్ణప్రియ హ్యాండ్‌బ్యాగులోంచి వచ్చిన పిస్టల్ చిన్నది. అది సూటిగా సృజన వైపే ఉంది.

"సార్ ఇప్పుడే మెసేజ్ పెట్టారు. ఎల్లయ్యను అమ్మేసింది నువ్వేనట. మీ అన్న ఆ ప్లాంట్‌లో. నువ్వు ఈ కంప్యూటర్ ముందు. నీ పరికరాలు, నీ వేలిముద్రలు. అంతా సరిపోయింది కదా?"

"ఎక్కువ సరిపోయింది మేడం," అంది సృజన. "కాల్చేముందు ఒక్కటి సూడు. ఇదిగో, లోపలికొచ్చినోడు ఏడికెంచి వచ్చిండో గీడ ఉంటది. 'ఫారిన్ అడ్రస్' అని. ఈ అంకెలు గుర్తుపట్టినవా?"

కృష్ణప్రియ కళ్లు తెర మీదికి పోయాయి. ఫారిన్ అడ్రస్ అంటే విదేశమని కాదు, అవతలి కొస అని. బ్లూ కైట్ కాబట్టి ఏ పరాయి దేశం నంబరో ఉండాలి. కానీ అక్కడున్నది వాళ్లిద్దరూ రోజూ రిపోర్టులు పంపే నంబరు. ఇద్దరికీ కంఠస్థం. పటాన్‌చెరులో, పరుపుల షోరూమ్ మీద ఉన్న ఆఫీసుది.

"పరాయి దేశం నంబరైతే మన మెషీన్లే పట్టేస్తయి," అంది సృజన. "సొంత ఆఫీసును ఎవరు అనుమానిస్తరు? ఎల్లయ్యన్న ఆఖరి ఫోన్ ఎత్తింది ఆయన. మనోళ్లను సముద్రం దిక్కు పంపింది ఆయన. నన్ను గీ కుర్చీల కూసోబెట్టింది ఆయన. బ్లూ కైట్‌కు అమ్ముడువోయింది గూడ ఆయనే."

పిస్టల్ మెల్లగా కిందికి దిగింది. కృష్ణప్రియ తెర దగ్గరికి వంగి ఆ నంబరు మళ్లీ చదివింది. "నా చేత్తోనే తెరిపించాడు," అంది, ఎవరికో కాదు, తనకు తనే.

గుమ్మంలో కప్పుల చప్పుడైంది. హైమావతి టీ ట్రేతో నిలబడి ఉంది. "ఏమిటే ఇది కృష్ణప్రియా! చేతిలో అదేమిటి?"

"అమ్మా, మీ కొడుకును లేపుండ్రి. జల్దీ. మీకు దండం పెడత."

ఆవిడ ఏమీ అడగలేదు. ట్రే బల్ల మీద పెట్టి, మంచినీళ్ల చెంబు తీసుకుని మేడ మీదికి పరిగెత్తింది. తడిసిన మొహంతో ప్రవీణ్‌కుమార్ దిగొచ్చాడు. ఫోన్‌లో బాలరాజ్ చెబుతున్నది విని గోడ పట్టుకున్నాడు.

"వైరు పీకేయండి!" అన్నాడు.

కృష్ణప్రియ చేయి రౌటర్ మీదికి పోయింది. సృజన ఆ చేతిని గట్టిగా పట్టుకుని ప్రవీణ్‌కుమార్ వైపు తిరిగింది.

"పీకితే వాడు పోతడు. వాల్వు మూసినట్టే ఉండిపోతది. తెరవాల్నంటే మన లైన్ ఉండాలె. వాడిని ఆపి, నిన్ను పోనియ్యాలె."

సృజన కుర్చీలో ముందుకు జరిగింది. ముందు ఆ దొంగ ప్రింటర్ ప్రోగ్రాంను చంపేసింది. క్షణంలో అది వేరే నంబరుతో మళ్లీ లేచింది. ఒక్కో తలుపూ మూసుకుంటూ పోతే లాభం లేదు. రౌటర్‌లో కాపలా గోడలాంటి ఫైర్‌వాల్ తెరిచి, బయటినుంచి వచ్చే కనెక్షన్లన్నీ ఆపేయమని టిక్కు పెట్టింది. బయటికి పోయే దారి ఒక్కటే మిగిలింది. ఎస్టాబ్లిష్డ్ అన్న మాట మాయమైంది.

"కొట్టు," అంది కుర్చీ వదిలేస్తూ.

ప్రవీణ్‌కుమార్ ప్లాంట్ తెర తెరిచి వాల్వుకు ఆదేశం ఇచ్చాడు. జవాబు లేదు. ఆ దొంగ ప్రోగ్రాం ఇప్పుడు లోపల్నుంచే బయటికి పిలవడం మొదలుపెట్టింది. తన యజమాని కోసం తలుపు తానే తీయబోతోంది. సృజన అతని భుజం మీదుగా వంగి, ఆ ప్రోగ్రాం బయటికి పోయే దారి కూడా మూసేసింది.

"అన్నా, యాడున్నవ్?"

"గీడనే ఉన్న. ఇద్దరు తప్ప అందరు బయటికి పోయిండ్రు. చేతి వాల్వు తిప్పుతున్న, తుప్పు పట్టింది, కదుల్తలేదు." ఆయాసం. "ముల్లు గీత దాటిందే."

"నువ్వు బయటికి రా అన్నా!"

"ఆ ఇద్దరు పైన చిక్కుకున్నరు. వాళ్లు దిగాలె గద."

ప్రవీణ్‌కుమార్ మళ్లీ కొట్టాడు. తెర మీద ఒక చిన్న గుర్తు ఎర్రగా వెలుగుతూ, ఆరుతూ ఉంది. ఫోన్‌లో ఏదో సన్నగా ఈల వేస్తున్నట్టు మోత మొదలైంది. హైమావతి కొడుకు వీపు మీద చేయి వేసి నిలబడింది.

గుర్తు ఆకుపచ్చగా మారింది.

ముందు ఫోన్‌లో మోత తప్ప ఏమీ లేదు. తర్వాత పైపులు దడదడలాడాయి.

"నీళ్లు!" బాలరాజ్ అరిచాడు. "నీళ్లొస్తున్నయే! ఆగింది... ముల్లు ఆగింది. దిగుతున్నది!"

సృజన నేల మీద కూలబడింది. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో ఆమెకే తెలియలేదు.

ముందుగా తేరుకున్నది కృష్ణప్రియ. సృజన ఫోన్‌లోంచి ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్‌కు కబురు పోయింది. అక్కడివాళ్లు రామచంద్రాపురంలో ఉన్న తమ మనుషులను పరుపుల షోరూమ్‌కు పంపారు. వాళ్లు చేరేదాకా మురళీమోహన్ కుర్చీలోంచి లేవకూడదు. కృష్ణప్రియ తన ఫోన్ తీసి, స్పీకర్, రికార్డింగ్ రెండూ నొక్కి, గొంతులో తేనె నింపుకుంది.

"సార్, కంగారుగా ఉంది. సృజన తప్పించుకుంది. పైగా ప్లాంట్ వైపు జనం పరుగులు పెడుతున్నారు."

"పేలుడు వినిపించిందా?" అన్నాడు మురళీమోహన్ ఆత్రంగా.

గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పేలుడు మాట అప్పటిదాకా ఆయనతో ఎవరూ అనలేదు.

"ఏ పేలుడు సార్?" అంది కృష్ణప్రియ మెత్తగా. "డ్రాయింగుల కోసం కదా మనం చూస్తున్నది?"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఆ వెంటనే తలుపు బద్దలయ్యేంత గట్టిగా ఎవరో కొట్టారు. "ఎవరది?" అన్న ఆయన గొంతులో, సృజన ఇన్నేళ్లలో ఎన్నడూ వినని భయం ఉంది. లైన్ తెగిపోయింది.

మెల్లగా గది మామూలు గది అయింది. టీ చల్లారిపోయింది. ప్రవీణ్‌కుమార్ తల పట్టుకుని కూర్చున్నాడు. హైమావతి సృజన పక్కన నేల మీదే కూర్చుంది.

"ఎల్లయ్య ఊరికి వెళ్లలేదు కదమ్మా?"

సృజన తల అడ్డంగా ఊపింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రానికి జీపులొచ్చి, మనుషులొచ్చి, కంప్యూటర్‌ను సీలు వేసి పట్టుకుపోయారు. కృష్ణప్రియ చీర కుచ్చిళ్లు సర్దుకుని వాళ్ల వెంటే వెళ్లింది. పోయేముందు సృజన వైపు చూసి ఏదో అనబోయి, తల మాత్రం ఊపింది. సృజన బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే హాల్లోంచి హైమావతి పిలిచింది.

"దేశాన్ని కాపాడావు, సంతోషం తల్లీ. కానీ నెట్ టీవీలో నా సీరియల్ రావట్లేదు. అన్నీ మూస్తూ దాన్ని కూడా మూసేశావా ఏం?"

సృజన బ్యాగు దించి రౌటర్ ముందు కూర్చుంది. దేశాన్ని కాపాడిన దానికన్నా ఆ పనికి ఎక్కువసేపు పట్టింది.